గుడ్లు మానిన పెట్టతో జపాను కైమా ఉండలు: కుంపటిమీద కాల్చు విధానము



పాత కృష్ణా జిల్లాలో నుండి 2022లో ఏలూరు జిల్లాలో చేరిన ముదినేపల్లి ప్రాంతమున వరి చేలకంటె చేపల చెరువులే ఎక్కువగా కంటికి కనిపించును. అయినను దొడ్డిలో నాలుగు కోళ్ళు తిరుగు ఇండ్లు ఇంకను చాలా గలవు. కొందరు నాటు కోళ్ళను, మరికొందరు హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులను పెంచుచున్నారు. ఈ ఇండ్లన్నిటిలోను ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రశ్న వచ్చును. గుడ్లు పెట్టుట మానిన పెట్టను ఏమి చేయవలెను?

నాటు కోడికి బజారులో గిరాకి ఉన్న మాట నిజమే. కాని ఆ గిరాకి లేత కోడికి. రెండు మూడేండ్లు గుడ్లు పెట్టిన పెట్టకు కొనువాడు సగము ధరైనను చెప్పడు. ఫారములలో ఏడాదిన్నర గుడ్లు పెట్టి దిగిన లేయరు పెట్ట సంగతియు అంతే. కూర వండుదమన్నచో గంటసేపు ఉడికినను కండ పీచుపీచుగా నుండును. పిల్లలు నమలలేక కంచము అంచున పెట్టుదురు. పండ్లు లేని పెద్దవారు పులుసు పోసికొని ముక్కను ముట్టరు. ఇంట మాంసకృత్తులు ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అవి అందకుండ పోవుచున్నవన్నమాట.

ఇట్టి పెట్టకు తగిన వంట ఒకటి జపాను దేశమున గలదు. దాని పేరు త్సుకునే. ఆ భాషలో త్సుకునేరు అనగా చేతితో మర్దించి ఉండచేయుట. కోడి మాంసమును కైమాగా కొట్టి, మర్దించి, ఉండలు చేసి, వెదురు పుల్లకు గుచ్చి బొగ్గులమీద కాల్చి, తీపి ఉప్పు కలిసిన పాకము పూయుదురు. కోడి ముక్కలను పుల్లకు గుచ్చి కాల్చు వంటలన్నిటిని అక్కడ యకితోరి అందురు; త్సుకునే వానిలో ఒకటి. క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రము, కుక్క, కోతి మాంసములతోపాటు కోడి మాంసమును కూడ ఏటా కొన్ని నెలలు తినరాదని శాసించిన దేశమది. బ్రాయిలరు కోళ్ళు విస్తరించిన 1960 ప్రాంతము తరువాతనే యకితోరి సామాన్యునికి చౌకగా అందినది.

ఈ వంటను ఒక ఊరిలో చేసి చూపినప్పుడు ఒక పెద్దాయన నవ్వి, "జపాను దాకా ఎందుకు బాబూ, మా చిన్నతనంలో చేలో ఎండ్రకాయలు పట్టి అక్కడే కాల్చుకు తినేవాళ్ళం" అన్నారు. ఆ మాట సబబే. కాల్చుట మనకు కొత్త కాదు. ముదురు కండను లేతగా మార్చు ఉపాయము, ఉండ నిప్పులో రాలిపోకుండ నిలుపు ఉపాయము మాత్రము వారినుండి నేర్వదగినవి.

మొదట పెట్టను సరిగా ఎంచవలెను

తొందరపడి మంచి పెట్టను కోసికొని విచారించినవారు గలరు. ఈకలు రాల్చుచున్న పెట్ట, పొదుగుకు కూర్చున్న పెట్ట కొన్నాళ్ళు గుడ్లు మానును గాని మరల పెట్టును. నిజముగా మానినదానిని గుర్తించుటకు తలమీది జుట్టును చూడవలెను. అది కుదించుకొని, పాలిపోయి, గరుకుగా నుండును. గుడ్లు పెట్టు కాలములో వెలిసిపోయిన ముక్కు, కాళ్ళు గుడ్లు మానినపిమ్మట తిరిగి పసుపు రంగుకు వచ్చును. పెట్టను చంకలో పట్టుకొని తోకక్రింద నున్న రెండు సన్నని ఎముకల మధ్య వ్రేళ్ళు పెట్టి చూచినచో గుడ్లు పెట్టుదానికి రెండు మూడు వ్రేళ్ళు పట్టును. మానినదానికి ఒక వ్రేలు కష్టముగా పట్టును. ఈ మూడు గుర్తులు కలిసినప్పుడే కత్తి తీయవలెను.

జబ్బు చేసిన కోడి, తనంతట చచ్చిన కోడి ఈ వంటకే కాదు, ఏ వంటకును పనికిరాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చచ్చుచున్న కోళ్ళను చూచి, నష్టము తగ్గునని మిగిలినవానిని హడావుడిగా కోసి తిందమన్న ఆలోచన పలువురికి కలిగియుండును. అది మిక్కిలి ప్రమాదము. బాగుగా ఉడికిన మాంసములో ఆ క్రిమి బ్రతుకదు. కాని జబ్బు కోడిని పట్టుట, కోయుట, ఈకలు పీకుట వలననే అది మనిషికి సోకు అవకాశమున్నది. ఒకటికి రెండు కోళ్ళు తలవాల్చినచో పశువైద్యునికి కబురు చేయవలెను. ఏదైన మందు త్రాగించిన కోడియైనచో, ఆ మందు చీటీపై వ్రాసిన గడువు దినములు గడచువరకు కోయరాదు.

కైమా కొట్టుట

కిలోన్నర తూగు పెట్టను కోసి శుభ్రము చేసినచో ఎముక తీసిన కండ సుమారు అరకిలో వచ్చును. తొడ కండ, రొమ్ము కండ రెండును కలుపవలెను. రొమ్ము ఒక్కటే వాడినచో ఉండ పొడిబారి గొంతు పట్టును. ముసలి పెట్ట కడుపులో పసుపు పచ్చని కొవ్వు పేరియుండును. సాధారణముగా మనము దానిని పిల్లికి వేయుదుము. ఈ వంటకు అదియే ప్రాణము. అరకిలో కండకు నిమ్మకాయంత కొవ్వును సన్నగా తరిగి కలిపినచో ఉండ కాలినను లోపల తడి నిలుచును. కడుపులో పెట్టని గుడ్ల గుత్తి దొరికినచో దానిని పిల్లలకు ఉడికించి పెట్టుడు. జపానులో దానిని కూడ పుల్లకు గుచ్చి కాల్చి, కాగితపు లాంతరువలె వ్రేలాడునని లాంతరు అను పేరుతో అమ్ముదురు.

ముసలి కోడి కండ గట్టిగా నుండుటకు కారణము కండపోగులను చుట్టియున్న పొరలు వయసుతో బిగిసిపోవుట. ఎంత మంట పెట్టినను ఆ పొరలు త్వరగా కరుగవు. కత్తితో వానిని తెగగొట్టినచో ఇక నమలవలసిన పని మనకు తగ్గును. గట్టి పీటమీద బరువైన కత్తితో నిలువుగా ఒకసారి, అడ్డముగా ఒకసారి, మరల నిలువుగా కొట్టవలెను. తెల్లని నరములు కనిపించినచో లాగి పారవేయవలెను. మిక్సీలో వేయువారు కొద్దికొద్దిగా వేసి ఆపి ఆపి తిప్పవలెను. ఎడతెగక తిప్పినచో మాంసము వేడెక్కి, కొవ్వు కరిగి, ముద్ద జిగి కోల్పోవును.

చల్లదనము ఈ పనికి ముఖ్యము. ఫ్రిజ్ ఉన్నవారు కండను గంటసేపు అందులో ఉంచి కొట్టవలెను. లేనివారికి మన ప్రాంతమున ఒక సౌకర్యమున్నది. చేపలు, రొయ్యలు ఎగుమతి చేయు చోట్ల ఐసు సులభముగా దొరకును. పెద్ద పళ్ళెములో ఐసు పోసి దానిపై మాంసపు గిన్నెను నిలుపవలెను. ఆ ఐసును మాంసములో మాత్రము వేయరాదు. చేపల పెట్టెలకు వాడు ఐసు తినుటకని చేసినది కాదు.

పచ్చి కోడిని కుళాయిక్రింద పెట్టి జోరుగా కడుగు అలవాటును మానవలెను. ఆ తుంపరలు పక్కనున్న కూరలమీద, త్రాగు నీళ్ళ బిందెలమీద పడును. మాంసము కొట్టిన పీటను, కత్తిని సబ్బుతోను వేడి నీళ్ళతోను కడిగిన తరువాతనే ఉల్లికాడలు తరుగవలెను.

మర్దన

అరకిలో కైమాకు ఒక చిన్న చెంచా ఉప్పు తలకొట్టి వేయవలెను. ముందు ఉప్పు ఒక్కటే వేసి మర్దించవలెను, తక్కినవి తరువాత. ఈ వరుసను తప్పరాదు. ఉప్పు తగిలినప్పుడు కండలోని ఒక మాంసకృత్తు కరిగి బయటికి వచ్చి జిగురువలె పనిచేయును. ఆ జిగురే ఉండను పట్టియుంచును. ముందే ఉల్లి వేసినచో అందలి నీరు దిగి జిగురు పలుచనగును.

నేను మొదటిసారి చేసినప్పుడు ఈ సంగతి తెలియక అన్నియు ఒకేసారి కలిపి, రెండు నిమిషములు పిసికి, పుల్లకు గుచ్చి నిప్పులమీద పెట్టితిని. నాలుగింట మూడు ఉండలు బొగ్గులపాలైనవి. చూడవచ్చిన పిల్లలు నవ్విరి, కుక్క సంతోషించినది.

గారెల పిండిని చేతితో కొట్టి గాలి ఎక్కించుట మన ఆడవారికి తెలిసిన విద్య. ఇదియు అటువంటిదే గాని ఇక్కడ కావలసినది గాలి కాదు, బిగువు. గిన్నె గోడకు వేసి అరచేతి మడమతో ఐదారు నిమిషములు ఒకే దిక్కుగా రాయవలెను. మొదట విడివిడిగా నున్న కైమా క్రమముగా పాలిపోయి జిగటయై దారములు సాగును. కొద్దిగా అరచేతిలో అంటించి చేయి బోర్లించినచో పడకుండ నిలిచియున్న చాలును. అప్పుడు సన్నగా తరిగిన ఉల్లికాడలు రెండు గుప్పెళ్ళు, బొటనవ్రేలంత అల్లపు ముక్క రసము, ఒక గుడ్డు, రెండు పెద్ద చెంచాల మొక్కజొన్న పిండి గాని బియ్యపు పిండి గాని, కొంచెము మిరియాల పొడి కలిపి తేలికగా కలియబెట్టవలెను. జపానువారు బంగాళాదుంప నుండి తీసిన పిండిని వాడుదురు. కొందరు కరకరలాడుటకై తామర దుంపను సన్నగా తరిగి కలుపుదురు. తామర దుంప మన గుంటలలోను దొరకును. మందులు చల్లు చేపల చెరువులో దానిని మాత్రము తీయవద్దు. గరం మసాలా వేయవలెనని చేయి దురద పుట్టును. వేసికొనుటలో తప్పులేదు గాని అప్పుడది మనకు తెలిసిన కబాబే యగును.

ఉప్పు సరిపోయినదో లేదో తెలిసికొనుటకు పచ్చి ముద్దను నాలుకమీద వేయరాదు. గోళీయంత ఉండను పెనముమీద కాల్చి రుచి చూడవలెను.

ముందు ఉడికించి, తరువాత కాల్చవలెను

ఈ వ్యాసమునందు ఒక్క సంగతిని మాత్రమే గుర్తుంచుకొందుమనువారు దీనిని గుర్తుంచుకొనవలెను. కోడి మాంసముమీద సాల్మొనెల్లా, కాంపైలోబాక్టరు అను క్రిములుండుట సామాన్యము. విడి ముక్కలో అవి ఎక్కువగా పైనే ఉండును గనుక మంట తగులగానే చచ్చును. కైమా కొట్టినప్పుడు పైనున్నది లోపలికి, లోపలిది పైకి కలిసిపోవును. అందువలన ఉండ నడిబొడ్డు వరకు ఉడుకవలెను. బొగ్గులమీద నేరుగా కాల్చినచో పైన నల్లబడి లోపల పచ్చిగా నుండుట అతి సులభము. చీకటిపడిన వేళ, కుంపటి వెలుతురులో లోపలి రంగు కనబడదు. జపానులోనే ఏటా నమోదగు కలుషితాహార వ్యాధులలో కాంపైలోబాక్టరు ముందువరుసలో నున్నది. సరిగా ఉడకని కోడి మాంసము తినుట దానికి ముఖ్య కారణము. అయిదేండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, ముసలివారికి ఇట్టి విరేచనములు ప్రాణముమీదికి తెచ్చును.

అక్కడి కొన్ని దుకాణములవారు ఉండలను ముందుగా ఉడికించి, తరువాత పుల్లకు గుచ్చి కాల్చుదురు. ఇంటి వంటకు ఇదియే క్షేమమైన పద్ధతి. పైగా ఉడికిన ఉండ పుల్లనుండి జారదు. పెట్ట ఎముకలను, మెడను, కాళ్ళను నాలుగు అల్లపు ముక్కలతో రెండు గంటలు సన్నని మంటమీద ఉడికించి రసము దించుకొనవలెను. ముసలి పెట్ట రసమునకు వచ్చు రుచి లేత కోడికి రాదు. ఆ రసము కుతకుతలాడకుండ చిన్న బుడగలు లేచుచుండగా, తడిచేసిన అరచేతులతో పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి ఒక్కొక్కటే జారవిడువవలెను. అవి తేలిన తరువాత కూడ ఉంచి మొత్తము పది నిమిషములు ఉడికించవలెను. తేలగానే ఉడికినదని భ్రమపడరాదు. ఒక ఉండను మధ్యకు కోసి చూచినచో గులాబి రంగు ఎక్కడను ఉండరాదు. కారు రసము తేటగా నుండవలెను. వంట థర్మామీటరు ఉన్నవారు పెద్ద ఉండ మధ్యను గుచ్చి 74 సెంటీగ్రేడు డిగ్రీలు చూపినదా అని చూడవచ్చును. రంగుకంటె అది నమ్మదగినది.

పాకము

జపానువారు సోయా సాసు, చక్కెర, బియ్యపు సారాలు కలిపి మరిగించి తారె అను పాకమును చేయుదురు. పేరుపొందిన దుకాణములలో మనము పెరుగుకు తోడు దాచినట్లు పాత పాకములోనే కొత్తది పోయుచు ఏండ్ల తరబడి సాగించుదురు. ఇంట మనకు ఆ పని వద్దు. గుడివాడ, కైకలూరు కిరాణా కొట్లలో దొరకు సోయా సాసు నాలుగు పెద్ద చెంచాలు, బెల్లపు తురుము మూడు చెంచాలు, ఇందాకటి ఎముకల రసము ఆరు చెంచాలు, దంచిన అల్లపు ముక్క ఒకటి కలిపి మరిగించవలెను. సీసాపై నల్ల సోయా సాసు అని వ్రాసియున్నచో రెండు చెంచాలు చాలును. గరిటె వెనుక పూతవలె అంటుకొన్నప్పుడు దించి అర చెక్క నిమ్మరసము పిండవలెను. తీగ పాకము రానీయకూడదు. చల్లారిన తరువాత అది ఇంకను చిక్కబడును. పుల్లలపై పూయుటకు కొంత, పళ్ళెములో వేసికొనుటకు కొంత వేరువేరు గిన్నెలలో తీసికొనవలెను. సోయా సాసులో సాధారణముగా గోధుమయు ఉండును గనుక ఆ రెండు పడనివారు పాకము లేకుండ ఉప్పు, నిమ్మరసములతో తినవలెను. రక్తపు పోటు గలవారును పాకమును తగ్గించుట మంచిది.

జపానులో ఈ ఉండలను పచ్చి గుడ్డు సొనలో ముంచి తినుట గలదు. అక్కడ పచ్చిగా తినుటకని గుడ్లను కడిగి, శ్రేణులు చేసి, ఎన్నాళ్ళలోపు పచ్చిగా తినవచ్చునో తేది వేసి అమ్ముదురు. మన దొడ్డి గుడ్లకుగాని బజారు గుడ్లకుగాని ఆ ఏర్పాటు లేదు. కాబట్టి ఆ ముచ్చటను వదలివేయవలెను.

కుంపటి

వెదురు పుల్లలను అరగంట నీటిలో నానవేసినచో కాలిపోవు. బుట్టలల్లువారు చీల్చిన పుల్ల నున్నగా చివిడినదై ఉండవలెను. గొడుగు చువ్వలు, సైకిలు చువ్వలు వాడువారిని చూచితిని. వానికి వేసిన పూత వేడికి లేచి ఆహారములో కలియును గనుక వాడరాదు. పుల్లకు మూడేసి ఉండలు గుచ్చి, చేతితో పట్టుటకు జానెడు మేర వదలవలెను.

బొగ్గుకు జపానువారు ఒక జాతి సింధూర వృక్షపు కట్టెతో చేసిన బించోటాన్ అను గట్టి బొగ్గును మెచ్చుకొందురు. అది పొగ లేకుండ చాలాసేపు మండును. మన సర్కారు తుమ్మ బొగ్గు, కొబ్బరి చిప్పల బొగ్గు ఈ పనికి చాలును. కిరసనాయిలు పోసి అంటించినచో ఉండలకు ఆ వాసన పట్టును. కొబ్బరి పీచుతో అంటించవలెను. బొగ్గులు ఎర్రబడి, పైన తెల్లని బూడిద కమ్మువరకు ఓపిక పట్టవలెను. కుంపటికి అటునిటు రెండు ఇటుకలు నిలిపి, పుల్ల రెండు కొనలు వానిపై ఆనునట్లు, ఉండలు మాత్రమే సెగపై నుండునట్లు పెట్టినచో జల్లెడ అవసరము లేదు. సెగ తగ్గినప్పుడు తాటియాకు విసనకర్ర ఉండనే ఉన్నది. జపాను వంటవాడును విసనకర్రతోనే విసరును.

ముందే ఉడికినవి గనుక మూడు నాలుగు నిమిషములు తిప్పుచు రంగు రానిచ్చి, అప్పుడు పాకము పూసి మరల ఒక నిమిషము కాల్చి, రెండవ పూత వేసి దించవలెను. పాకమును మొదటనే పూసినచో బెల్లము మాడి చేదగును. కుంపటిని ఆరుబయటగాని, గాలి ధారాళముగా వచ్చు వసారాలోగాని పెట్టవలెను. చలికాలమని, వానయని తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టినచో వాసన లేని విషవాయువు నిండి నిద్రలోనే ప్రాణము తీయును. వంట అయిన వెనుక కుంపటిని గదిలోనికి తెచ్చుకొను అలవాటు ఇంకను చెడ్డది.

అరకిలో కైమాకు పద్దెనిమిది, ఇరవై ఉండలు వచ్చును. అయిదుగురున్న ఇంటికి తలకు ఒక పుల్లకు తక్కువ కాదు. వేడి అన్నముతో, పచ్చి ఉల్లిపాయ ముక్కలతో బాగుండును. పండ్లు లేనివారికి పుల్ల తీసి, ఉండను చిదిమి, ఎముకల రసముతో అన్నములో కలిపి పెట్టవలెను. చిన్న పిల్లలకు పుల్లతో ఇవ్వరాదు.

మిగిలినచో ఉడికించి కాల్చని ఉండలనే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచుకొని, తినుటకు ముందు లోపలివరకు పొగలు వచ్చునట్లు వేడిచేసికొనవలెను. ఫ్రిజ్ లేని ఇంట ఆ పూటకు కావలసినంతే చేయవలెను. మర్దించిన పచ్చి ముద్దను మరునాటికి దాచరాదు. ఉండలు ఉడికించిన రసములో గుప్పెడు మునగాకు వేసి ఒక పొంగు రానిచ్చినచో రాత్రి భోజనమునకు వేరే చారు పెట్టుకొనవలసిన పని ఉండదు.